ఒడిశా సరిహద్దు జిల్లాల వ్యాపారులు కాంట్రాక్టర్ల బిల్లుల్లో టీడీఎస్ మినహాయించి లెక్క చూపించడం ఎలా

ప్రతి ఏటా మార్చి దగ్గరపడే కొద్దీ బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వ్యాపారులు ఒకే ప్రశ్న వేస్తారు. "మా మిల్లు ఒడిశాలో ఉంది, షెడ్డు కట్టిన మేస్త్రీది పాతపట్నం, లారీ పార్వతీపురం ఆయనది. వీళ్ళకు ఇచ్చిన డబ్బులో పన్ను మినహాయించాలా? మినహాయిస్తే ఏ రాష్ట్రంలో కట్టాలి?" 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడిన నాటి నుంచి రాష్ట్రాల గీత పర్లాకిమిడికీ పాతపట్నానికీ నడుమ ఉన్నా, పనులూ మనుషులూ మాత్రం రోజూ అటూ ఇటూ దాటుతూనే ఉన్నారు కాబట్టి ఈ సందేహం రావడం సహజం. జవాబు మాత్రం చిన్నది. టీడీఎస్ అంటే డబ్బు ఇచ్చేటప్పుడే అందులోంచి మినహాయించి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను. ఆదాయపు పన్ను కేంద్రానిది. కాంట్రాక్టరు ఇల్లు ఏ రాష్ట్రంలో ఉన్నా, పని ఏ ఊళ్ళో జరిగినా, మినహాయించవలసిన బాధ్యత డబ్బు ఇచ్చే మీదే, కట్టవలసింది మీ వ్యాపారం పేరిట ఉన్న టాన్ (పన్ను మినహాయించేవారికి ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే) నంబరు కిందనే.

కింద చెప్పిన సెక్షన్లు, ఫారాల నంబర్లు 1961 ఆదాయపు పన్ను చట్టానివి. 2026 మార్చి 31 వరకు ఇచ్చిన బిల్లులకు ఇవే వర్తిస్తాయి. ఆ తర్వాతి చెల్లింపులకు 2025 ఆదాయపు పన్ను చట్టం వర్తిస్తుంది. అందులో జీతాలవి కాక మిగతా టీడీఎస్ నిబంధనలను 393వ సెక్షన్ కిందికి చేర్చారు. ఫారం నింపే రోజున పోర్టల్ చూపించే నంబరును అనుసరించండి. చేయవలసిన పనుల వరుస మాత్రం ఇదే.

ఈ బాధ్యత మీకు ఉందా?

మీది భాగస్వామ్య సంస్థ, కంపెనీ, సొసైటీ లేదా ట్రస్టు అయితే అమ్మకాలు ఎంత ఉన్నా బాధ్యత ఉంటుంది. మీరు ఒక్కరే యజమానిగా గానీ, హిందూ అవిభక్త కుటుంబం పేరిట గానీ వ్యాపారం చేస్తుంటే, అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో మీ అమ్మకాలు 1 కోటి రూపాయలు దాటి ఉండాలి. వృత్తిలో ఉన్నవారికి ఈ పరిమితి 50 లక్షలు. ఈ ఏడాది అమ్మకాలను కాకుండా గత ఏడాది అమ్మకాలను చూడాలన్నది చాలామంది మరిచిపోయే సంగతి.

సొంత ఇంటికి, కుటుంబ అవసరాలకు చేయించుకున్న పని, కాంట్రాక్టర్ల చెల్లింపులకు వర్తించే ఈ 194సి సెక్షన్ కిందికి రాదు. అయితే ఒకే మనిషికి ఏడాదిలో 50 లక్షలకు మించి ఇస్తే 194ఎం అనే వేరే సెక్షన్ వర్తిస్తుంది. దానికి టాన్ అక్కర్లేదు. ఫారం 26క్యూడీ ద్వారా 2 శాతం కడితే చాలు.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

మీ వ్యాపారం పాన్, టాన్. ప్రతి కాంట్రాక్టరు పాన్ కార్డు నకలు. ఏడాది పొడవునా ఇచ్చిన బిల్లులు, వోచర్లు. అడ్వాన్సులు రాసిన పుస్తకం. నెట్ బ్యాంకింగ్ ఉన్న ఖాతా. ఆదాయపు పన్ను ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో టాన్ పేరిట లాగిన్. టీడీఎస్ లెక్కలు చూసే ట్రేసెస్ పోర్టల్‌లో లాగిన్. పాన్ మీద ఉన్న లాగిన్ టీడీఎస్ పనికి సరిపోదు. టాన్ కోసం విడిగా నమోదు చేసుకోవాలి.

1. టాన్ తీసుకోండి

టాన్ పది అక్షరాల నంబరు, మొదట నాలుగు అక్షరాలు, తర్వాత ఐదు అంకెలు, చివర ఒక అక్షరం. లేకపోతే ప్రోటీన్ సంస్థ వెబ్‌సైటులో ఫారం 49బి నింపి దరఖాస్తు చేయండి. ఇక్కడ మన ప్రాంతంలో తరచుగా జరిగే పొరపాటు ఒకటి ఉంది. లెక్కలు రాసే గుమాస్తా శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఉంటే అలవాటు ప్రకారం ఆంధ్రప్రదేశ్ ఆదాయపు పన్ను అధికారి కోడ్ (ఏఓ కోడ్) ఎంచుకుంటారు. మీ వ్యాపార చిరునామా రాయగడ అయితే రాష్ట్రం ఒడిశాగానే ఉండాలి, అధికారి కోడ్ కూడా ఆ చిరునామాకు చెందినదే అయి ఉండాలి. సమర్పించే ముందు ఈ రెండు గడులను మీరే స్వయంగా చూడండి. టాన్ తీసుకోనందుకు 10,000 రూపాయల జరిమానా ఉంది.

2. ఎవరికి ఇచ్చేది ఏ సెక్షన్ కిందికి వస్తుందో విడదీయండి

ఏడాదికి ఒకసారి కూర్చుని, జీతగాళ్ళు కాని ప్రతి మనిషి పేరూ ఒక కాగితం మీద రాసి, పక్కన పని స్వభావం రాయండి. ఈ ఒక్క కాగితం సగం తప్పులను ఆపుతుంది.

భవనం కట్టే మేస్త్రీ, రేకుల షెడ్డు వేసే ఫ్యాబ్రికేటర్, కళాసీల ముఠాకు మేస్త్రీ, మనుషులను సరఫరా చేసేవారు, సరుకు రవాణా చేసేవారు, భోజనాల కాంట్రాక్టరు, మీ సరుకు తీసుకుని మీరు చెప్పినట్టు తయారుచేసి ఇచ్చేవారు, వీళ్ళందరూ 194సి కిందికి వస్తారు. జీడిగింజలు మీరు పంపి, కాశీబుగ్గలో ఒకరు వాటిని కొట్టించి పప్పుగా తిరిగి ఇస్తే, అది జాబ్‌వర్కు, 194సి. అదే వ్యక్తి తన గింజలతో తయారుచేసిన పప్పును మీరు కొంటే అది సరుకు కొనుగోలు, 194సి కాదు.

వకీలు, ఆడిటరు, ఇంజనీరు, డాక్టరు వంటి వృత్తి నిపుణులకు ఇచ్చేది 194జె. ఏడాదికి 50,000 దాటితే 10 శాతం, కేవలం సాంకేతిక సేవ అయితే 2 శాతం. కమీషన్ ఏజెంటుకు ఇచ్చేది 194హెచ్, ఏడాదికి 20,000 దాటితే 2 శాతం.

కళాసీల విషయంలో జాగ్రత్త అవసరం. పది మంది కళాసీలకు మీరే విడివిడిగా సంతకాలు తీసుకుని రోజుకూలి ఇస్తే అది ఒక కాంట్రాక్టు చెల్లింపు కాదు. మొత్తం డబ్బు మేస్త్రీ చేతికి ఇచ్చి, పంపకం ఆయనకు వదిలేస్తే ఆ మొత్తానికి ఆయన కాంట్రాక్టరు. పుస్తకంలో ఒక రకంగా, బ్యాంకు ఖాతాలో మరో రకంగా కనిపిస్తే అధికారి బ్యాంకు ఖాతానే నమ్ముతారు.

3. పాన్ తీసుకుని, పని మొదలయ్యే ముందే సరిచూడండి

నా ఉద్దేశంలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. మీరు మినహాయించిన డబ్బు మీది కాదు, కాంట్రాక్టరుది. ఆయన పాన్‌లో ఒక్క అక్షరం తప్పు పడితే ఆ డబ్బు మరొకరి ఖాతాలో కనబడుతుంది, లేదా ఎవరి ఖాతాలోనూ కనబడదు. రాయగడ దగ్గర ఒక సెంటరింగ్ మేస్త్రీ లెక్కలు నేను చూశాను. ఏడాది పాటు ఆయన బిల్లుల్లో మినహాయించిన డబ్బు ఏదీ ఆయన 26ఏఎస్‌లో (పాన్ మీద జమ అయిన పన్ను చూపే పట్టికలో) లేదు. డబ్బు ఇచ్చినవారు దాన్ని ప్రభుత్వానికి కట్టారు, రిటర్ను కూడా వేశారు, కానీ పాన్‌లో ఒక అంకె తప్పు. పన్ను కట్టవలసిన ఆదాయమే లేని మనిషి తన కష్టార్జితం తిరిగి తెచ్చుకోవడానికి ఎనిమిది నెలలు తిరిగాడు.

అందువల్ల ఇలా చేయండి. బిల్లు మీద చేత్తో రాసిన పాన్‌ను నమ్మకండి. కార్డు చూసి రాసుకోండి. మన వైపు బిల్లులు ఒడియాలో, తెలుగులో, ఇంగ్లీషులో కలిసి వస్తాయి. ఒడియా నాలుగు అంకె చూడటానికి ఇంగ్లీషు ఎనిమిదిలా ఉంటుంది. సున్నాకూ ఇంగ్లీషు ఓ (O) అక్షరానికీ తేడా తెలియకుండా రాసేవారు చాలామంది. పాన్‌లో మొదటి ఐదు అక్షరాలు, తర్వాత నాలుగు అంకెలు, చివర ఒక అక్షరం అని గుర్తుంచుకుంటే ఏది సున్నాయో ఏది ఓ అక్షరమో స్థానాన్ని బట్టే తేలిపోతుంది.

తర్వాత ట్రేసెస్‌లో పాన్ నిర్ధారణ సదుపాయంలో ఆ నంబరు వేసి పేరు సరిపోతుందో లేదో చూడండి. ఇంటిపేరు ముందా వెనకా అన్నది మన వారందరికీ చిక్కే. మేస్త్రీ బిల్లు పుస్తకంలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందు ఉంటుంది, పాన్‌లో అదే పూర్తిగా విడదీసి ఉంటుంది, ఒడిశాలో చదివినవారికి పేరు చివరి రావు ఇంటిపేరుగా నమోదై ఉంటుంది. పేరు వరుస మారినంత మాత్రాన కంగారు పడకండి. మనిషి వేరైతేనే ఆగండి. అదే తెర మీద పాన్ పనిచేస్తోందా, నిలిచిపోయిందా అన్నది కూడా కనిపిస్తుంది. ఆధార్‌తో అనుసంధానం కాక నిలిచిపోయిన పాన్ ఇచ్చినా, అసలు పాన్ ఇవ్వకపోయినా 20 శాతం మినహాయించాలి. 60,000 రూపాయల బిల్లులో 600 పోవలసిన చోట 12,000 పోతాయి. పని మొదలయ్యే ముందే ఈ సంగతి కాంట్రాక్టరుకు చెప్పడం మర్యాద.

4. ఎంత మినహాయించాలో లెక్క కట్టండి

పాన్‌లో నాలుగో అక్షరం చూడండి. పి అయితే వ్యక్తి, హెచ్ అయితే హిందూ అవిభక్త కుటుంబం, ఈ ఇద్దరికీ 1 శాతం. ఎఫ్ అయితే సంస్థ, సి అయితే కంపెనీ, వీటికి 2 శాతం. బోర్డు మీద "అండ్ కో" అని రాసి ఉన్నా పాన్ వ్యక్తిదైతే 1 శాతమే.

ఒకే బిల్లు 30,000 దాటినా, ఆర్థిక సంవత్సరంలో అదే మనిషికి ఇచ్చిన మొత్తం 1,00,000 దాటినా మినహాయించాలి. ఈ రెండో పరిమితిలోనే ఎక్కువమంది తప్పు చేస్తారు. ఉదాహరణకు ఒక వెల్డింగ్ పనివారికి మే నెలలో 28,000, జులైలో 27,000, సెప్టెంబరులో 26,000, నవంబరులో 25,000 ఇచ్చారనుకుందాం. ఏ బిల్లూ 30,000 దాటలేదు. కానీ నవంబరులో మొత్తం 1,06,000 అయింది. అప్పుడు మినహాయించవలసింది చివరి 25,000 మీద కాదు, మొత్తం 1,06,000 మీద, అంటే 1,060 రూపాయలు. బిల్లును ముక్కలు చేస్తే తప్పించుకోవచ్చని చెప్పేవారి మాట వినకండి, వాళ్ళు ఈ లక్ష పరిమితిని లెక్కలోకి తీసుకోవడం లేదు.

బిల్లులో జీఎస్టీ విడిగా చూపిస్తే దాన్ని వదిలి మిగతా మొత్తం మీదనే లెక్క కట్టండి. మీరు ఇచ్చిన సరుకు విలువ జాబ్‌వర్కు బిల్లులో విడిగా చూపించి ఉంటే దాన్ని కూడా వదిలేయండి. విడిగా చూపించకపోతే బిల్లు మొత్తం మీద మినహాయించాలి, కాబట్టి బిల్లు ఎలా రాయాలో ముందే చెప్పి రాయించుకోండి.

ఎప్పుడు మినహాయించాలంటే, పుస్తకంలో కాంట్రాక్టరు ఖాతాకు జమ రాసిన రోజు, డబ్బు ఇచ్చిన రోజు, ఈ రెండిట్లో ఏది ముందైతే ఆ రోజు. అడ్వాన్సు ఇచ్చినా మినహాయింపు ఉంటుంది. సంక్రాంతి ముందు మేస్త్రీలకు ఇచ్చే అడ్వాన్సులను చాలామంది చేబదులుగా రాసుకుని వదిలేస్తారు. పని డబ్బులోంచి వసూలు చేసుకునేదైతే అది అడ్వాన్సే.

5. లారీ యజమానుల లెక్క

ఏడాదిలో ఏ రోజైనా పది లారీలకు మించని యజమాని, తన పాన్‌తో పాటు ఆ సంగతి రాతపూర్వకంగా ఇస్తే సరుకు రవాణా డబ్బులో ఏమీ మినహాయించనక్కర్లేదు. రాయగడ, జయపురం వైపు లారీలలో ఎక్కువ భాగం ఒకటి రెండు బండ్ల యజమానులవే కాబట్టి ఈ వెసులుబాటు చాలామందికి వర్తిస్తుంది.

అయితే మినహాయించకపోయినా త్రైమాసిక రిటర్నులో ఆ చెల్లింపును చూపించాలి. మినహాయింపు లేకపోవడానికి కారణం గడిలో టి అక్షరం ఎంచుకోవాలి. ఆ ప్రకటన ప్రతి ఆర్థిక సంవత్సరానికీ కొత్తగా తీసుకోండి. డ్రైవరు సంతకం చెల్లదు, బండి ఎవరి పేరిట ఉందో ఆ యజమాని సంతకమే కావాలి. బ్రోకరు మధ్యలో ఉండి డబ్బు ఆయన ఖాతాకే వెళ్తుంటే, ఆయన పాన్, ఆయన ప్రకటన కావాలి. ఆయన పేరిట బండ్లే లేకపోతే ఈ వెసులుబాటు ఆయనకు దొరకదు.

6. మరుసటి నెల 7వ తేదీలోపు కట్టండి

ఏప్రిల్ నుంచి ఫిబ్రవరి వరకు మినహాయించినదాన్ని తర్వాతి నెల 7లోపు, మార్చిలోది ఏప్రిల్ 30లోపు కట్టాలి. టాన్ లాగిన్‌లో ఈ-పే టాక్స్ తెరిచి, టీడీఎస్ చెల్లింపు ఎంచుకుని, 94సి కోడ్ పెట్టండి. డబ్బు అందుకున్నవారు కంపెనీయా కాదా అన్న ప్రశ్న వస్తే అది మీ గురించి కాదు, కాంట్రాక్టరు గురించి.

సంవత్సరం ఎంచుకునే గడి దగ్గర ఆగండి. 2026 మార్చిలో మినహాయించి ఏప్రిల్‌లో కట్టేటప్పుడు 2026-27 అసెస్‌మెంటు సంవత్సరం రావాలి. ఏప్రిల్ వచ్చిందని మరో ఏడాది ముందుకు జరిపితే చలాన్ సరిచేయించుకోవలసి వస్తుంది. కట్టాక బ్యాంకు శాఖ బీఎస్ఆర్ కోడ్, తేదీ, చలాన్ వరుస సంఖ్య ఉన్న రసీదును దించుకుని భద్రపరచండి.

ఒక్కరోజు ఆలస్యం చిన్నదని అనుకోవద్దు. మినహాయించి ఆలస్యంగా కడితే నెలకు 1.5 శాతం వడ్డీ, నెలలో ఒక్క రోజున్నా పూర్తి నెలగా లెక్క. ఏప్రిల్ 20న మినహాయించి మే 8న కడితే ఏప్రిల్, మే రెండు నెలలు లెక్కకు వచ్చి 3 శాతం పడుతుంది. అసలు మినహాయించడమే ఆలస్యమైతే ఆ కాలానికి నెలకు 1 శాతం.

7. మూడు నెలలకోసారి ఫారం 26క్యూ (టీడీఎస్ రిటర్ను) దాఖలు చేయండి

గడువులు ఇవి: ఏప్రిల్-జూన్‌కు జులై 31, జులై-సెప్టెంబరుకు అక్టోబరు 31, అక్టోబరు-డిసెంబరుకు జనవరి 31, జనవరి-మార్చికి మే 31.

ప్రోటీన్ ఉచితంగా ఇచ్చే ఆర్‌పీయూ సాఫ్ట్‌వేర్‌లో వివరాలు నింపి, పోర్టల్ నుంచి చలాన్ల సీఎస్ఐ ఫైలు దించుకుని, ఎఫ్‌వీయూ అనే తనిఖీ సాఫ్ట్‌వేర్‌తో సరిచూసి, వచ్చిన ఫైలును పోర్టల్‌లో ఎక్కించాలి. కంప్యూటరు అలవాటు లేకపోతే టిన్ ఫెసిలిటేషన్ కేంద్రంలో ఇవ్వవచ్చు, లేదా ఆడిటరుకు అప్పగించవచ్చు. అప్పగించినా పాన్‌ల జాబితాను మాత్రం ఒకసారి మీ కళ్ళతో మీరే చూసుకోండి. ఆడిటరుకు మీ మేస్త్రీ తెలియదు, మీకు తెలుసు.

ఏ త్రైమాసికంలోనైనా మినహాయించిందీ చూపించవలసిందీ ఏమీ లేకపోతే ట్రేసెస్‌లో దాఖలు చేయడం లేదన్న ప్రకటన ఇచ్చేయండి, నోటీసుల బెడద ఉండదు.

ఆలస్యానికి రోజుకు 200 రూపాయల రుసుము, అయితే మినహాయించిన పన్ను మొత్తానికి మించదు. పైన చెప్పిన 1,060 రూపాయల లెక్కలో రిటర్ను పది రోజులు ఆలస్యమైతే 2,000 కాక 1,060 కట్టాలి. అంటే పన్నుకు సమానమైన రుసుము. దాఖలు చేయకపోయినా, తప్పు వివరాలిచ్చినా 10,000 నుంచి 1,00,000 వరకు జరిమానా వేసే అధికారం కూడా ఉంది. పన్ను, వడ్డీ, రుసుము కట్టి గడువు దాటిన ఒక నెలలోపు దాఖలు చేస్తే, ఆలస్యానికి వేసే ఆ జరిమానా నుంచి బయటపడవచ్చు.

8. ఫారం 16ఎ ఇవ్వండి

రిటర్ను గడువు దాటిన 15 రోజుల్లోపు, అంటే ఆగస్టు 15, నవంబరు 15, ఫిబ్రవరి 15, జూన్ 15 తేదీలలోపు ప్రతి కాంట్రాక్టరుకు ఫారం 16ఎ (టీడీఎస్ సర్టిఫికెట్) ఇవ్వాలి. దాన్ని ట్రేసెస్ నుంచే దించుకోవాలి. లెటర్‌హెడ్ మీద టైపు చేసి సంతకం పెట్టిన కాగితం చెల్లదు. ఇచ్చేటప్పుడు ఒక మాట చెప్పండి: పన్ను పడేంత ఆదాయం లేకపోయినా రిటర్ను వేస్తేనే ఈ డబ్బు వాపసు వస్తుంది. చాలామంది మేస్త్రీలకు ఈ సంగతి చెప్పేవారే లేరు.

సరిగ్గా జరిగిందని ఎలా తెలుస్తుంది?

రిటర్ను ఎక్కించాక వచ్చే టోకెన్ నంబరు అందినట్టు మాత్రమే చెబుతుంది, సరిగ్గా ఉన్నట్టు చెప్పదు. కొన్ని రోజుల తర్వాత ట్రేసెస్‌లో ఆ రిటర్ను స్థితి చూడండి. లోపం లేకుండా పూర్తయినట్టు ఉండాలి. లోపం చూపిస్తే జస్టిఫికేషన్ రిపోర్టు దించుకోండి. వడ్డీ తక్కువైందా, చలాన్ కలవలేదా, పాన్ చెల్లలేదా అన్నది వరుసగా అందులో ఉంటుంది. సవరణ రిటర్నుతో వీటిని సరిచేయవచ్చు.

రెండో తనిఖీ ఇంకా నమ్మకమైనది. ఇద్దరు ముగ్గురు కాంట్రాక్టర్లను పిలిచి వాళ్ళ ఫోనులోనే 26ఏఎస్ తెరిపించి, మీ టాన్ ఎదురుగా మీరు మినహాయించిన మొత్తం ఉందో లేదో చూడండి. అక్కడ ఉంటే పని పూర్తయినట్టే.

మూడోది ఏడాది చివర చేయాలి. మీ లాభనష్టాల పట్టికలో మరమ్మతులు, రవాణా, కూలి ఖర్చుల మొత్తాలను నాలుగు 26క్యూలలో చూపిన మొత్తాలతో పోల్చండి. తేడా ఉంటే, అది పరిమితి లోపలి చిన్న బిల్లుల వల్లనా, మరిచిపోయిన కాంట్రాక్టరు వల్లనా అన్నది పేరు పేరునా రాసి పెట్టుకోండి.

మినహాయించడం మరిచిపోయి ఉంటే

మినహాయించని ఖర్చులో 30 శాతాన్ని ఆ ఏడాది ఖర్చుగా ఒప్పుకోరు. 5 లక్షల షెడ్డు పనికి మరిచిపోతే 1,50,000 రూపాయలు మీ లాభంలో కలిసిపోతాయి. మీ ఆదాయపు పన్ను రిటర్ను గడువులోపు వడ్డీతో సహా కట్టేస్తే ఈ నష్టం ఉండదు. అప్పటికే డబ్బంతా ఇచ్చేసి, కాంట్రాక్టరు దాన్ని తన రిటర్నులో చూపి పన్ను కట్టి ఉంటే, చార్టర్డ్ అకౌంటెంటు చేత ఫారం 26ఎ ఇప్పించండి. అప్పుడు పన్ను మళ్ళీ అడగరు, వడ్డీ మాత్రం కట్టాలి.

ఆ డబ్బును తర్వాతి బిల్లులో పట్టుకోవాలనుకుంటే ముందు ఆ మేస్త్రీతో మాట్లాడి, ఎంత, ఎందుకు అన్నది కాగితం మీద రాసి ఇచ్చి, ఆయన పాన్ మీద జమ అయ్యాక 26ఏఎస్‌లో చూపించండి.